ఎంత వివరం చాలు? నలభై ఎనిమిదో వంతులో ఒక యుద్ధవిమానం

బడంగ్‌పేట్ నుంచి నాదర్‌గుల్ మీదుగా ఆదిభట్ల దారి పడితే కాసేపటికే టాటా ఏరోస్పేస్ కార్ఖానాల ప్రహరీలు కనిపిస్తాయి. ఆ గోడల వెనక అపాచీ హెలికాప్టర్ల మధ్యభాగాలు, సీ-130జె రవాణా విమానాల తోకలు, ఎఫ్-16 రెక్కలు తయారవుతాయి. బాలాపూర్ వైపు తిరిగితే క్షిపణి పరిశోధన కేంద్రం ఆర్‌సీఐ, ఇంకాస్త ముందుకెళితే కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్, మిధాని, బీడీఎల్. ఒకవైపు యుద్ధవిమానం రెక్క, మరోవైపు క్షిపణి. ఈ రెంటి నడుమ కాపురముండే మనిషి సాయంత్రం పూట బల్ల మీద దీపం పెట్టుకుని, జానెడు ప్లాస్టిక్ విమానానికి పటకారుతో గోటిలో సగమైనా లేని తలుపు అతికిస్తుంటే చూసినవాళ్లు పిల్లల ఆట అనుకుంటారు. కానీ నమూనా చెయ్యకుండా ఈనాటి యుద్ధవిమానమేదీ గాలిలోకి లేవదు. మన తేజస్ యుద్ధవిమానం ఆకారాన్ని ముందుగా బెంగళూరు ఎన్‌ఏఎల్ విండ్ టన్నెల్లో చిన్న నమూనాగానే గాలికి పెట్టి చూశారు. 2020 డిసెంబరులో మన హైదరాబాద్ క్షిపణి సముదాయంలో ప్రారంభమైన హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్లోనూ, ధ్వనికి 5 నుంచి 12 రెట్ల వేగంతో వచ్చే గాలిని తట్టుకుని నిలిచేది నమూనాయే.

ఆ నమూనాకి వివరాలు అక్కర్లేదు, వంపు సరిగ్గా ఉంటే చాలు. బల్ల మీది నమూనాకి వంపుతోపాటు వివరమూ కావాలి. ఎంత కావాలన్నదే ఈ అభిరుచిలో ఎన్నాళ్లుగానో తెగని ప్రశ్న. పెట్టెలో వచ్చిన ముక్కల్ని శుభ్రంగా అతికించి రంగు వేస్తే చాలనే పక్షం ఒకటి. కాక్‌పిట్‌లో ప్రతి మీటను, చక్రాల గదిలో ప్రతి గొట్టాన్ని పెట్టాల్సిందేననే పక్షం ఇంకొకటి. రెండు పక్షాల పనినీ ఏళ్ల తరబడి చూశాక, చేసి చూశాక, నాకు తేలింది ఇది: నమూనా విమాన జాతికి చెయ్యకూడదు, ఒకానొక విమానానికి, అది ఒకానొక రోజున ఉన్న తీరుకి చెయ్యాలి. ఆ రోజు ఏదో తేల్చుకుంటే ఎంత వివరం కావాలో విమానమే చెబుతుంది. తేల్చుకోకపోతే వెయ్యి ముక్కలు అతికించినా అది బొమ్మగానే మిగిలిపోతుంది.

ముందు కొలతలు. 1/72 అంటే ఆరడుగుల మనిషి ఒక అంగుళం. 1930ల్లో బ్రిటన్‌లో కొయ్య కిట్లతో మొదలై, 1936లో ఫ్రాగ్ సంస్థ ప్లాస్టిక్ కిట్లతో స్థిరపడిన కొలత ఇది. రెండో ప్రపంచయుద్ధంలో శత్రు విమానాన్ని నీడ చూసి గుర్తుపట్టే శిక్షణకి వాడిన నమూనాలూ ఈ కొలతవే. 1/48 అంటే అడుగుకి పావు అంగుళం, మేస్త్రీ ఇంటి ప్లాను గీసుకునే లెక్క. తేజస్ పొడవు 13.2 మీటర్లు, రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. 1/72లో అది 183 మిల్లీమీటర్ల పొడవు, 114 మిల్లీమీటర్ల వెడల్పు. 1/48లో 275, 171. జెట్ యుద్ధవిమానానికి 1/48 నాకు సరిపడే కొలత. కాక్‌పిట్‌లో గడియారపు ముళ్లు కంటికి ఆనే హద్దు అక్కడే ఉంది. అంతకంటే పెద్దదైతే మన ఫ్లాట్లలో పెట్టుకునే చోటుండదు.

ఇక గొడవంతా ప్యానెల్ గీతల దగ్గర. యుద్ధవిమానం పైరేకుల మధ్య ఉండే సందుల్ని ప్లాస్టిక్ మీద గాడులుగా చెక్కుతారు. పాత కిట్లలో అవే గీతలు ఉబ్బెత్తుగా ఉండేవి. వాటిని గరుకు కాగితంతో అరగదీసి, సూదితో లోతుగా తిరిగి గీసుకున్న తరం ఒకటుంది. లోతు గాడుల కిట్లు వచ్చాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఆ గాడుల్లో నల్లరంగు నింపడం అలవాటు చేసుకున్నారు. కొంచెం లెక్క వేసి చూడండి. కిట్ మీద గాడి వెడల్పు 0.2 మిల్లీమీటర్లనుకుంటే, 1/48లో అది అసలు విమానం మీద దాదాపు ఒక సెంటీమీటరు సందు. రెండు రేకుల మధ్య వేలు దూరేంత సందుతో ఏ యుద్ధవిమానమూ ఎగరదు. అసలు సందు ఒక మిల్లీమీటరు ఉందనుకున్నా నమూనా మీద అది 0.02 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుకకంటే సన్నం. నిజాయితీగా కొలత పాటిస్తే గీతలు కనిపించనే కూడదు. అయినా గీతలు ఉండాలనే నేనంటాను, ఎందుకంటే కన్ను రేకుల కూర్పును వెతుక్కుంటుంది. కానీ నల్లగా నింపడం తప్పు. ఒంటిరంగుకంటే ఒకటి రెండు ఛాయలు ముదురు చాలు. రోజూ మెకానిక్ చెయ్యి పడే తలుపుల చుట్టూ కాస్త ఎక్కువ, రెక్క మీద స్థిరంగా ఉండే రేకుల దగ్గర కాస్త తక్కువ.

ఈ విషయంలో తేజస్ మంచి పరీక్ష. కోట హరినారాయణ నాయకత్వంలో రూపుదిద్దుకుని 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన ఈ విమానం బరువులో దాదాపు 45 శాతం కార్బన్ కాంపోజిట్. పైకి కనిపించే ఒంట్లోనైతే సుమారు 90 శాతం అదే. అచ్చుపోసిన పెద్ద పెద్ద పలకలు కాబట్టి అల్యూమినియం విమానానికి ఉన్నన్ని అతుకులు దీనికి లేవు. మిగ్-21కి అలవాటైన చేత్తో తేజస్ మీద కూడా గడి గడికీ నీడలు దిద్దితే ఆ విమానం దేనితో తయారైందో మరిచిపోయినట్టే. పైగా ఇది మనకి దూరపు విమానం కాదు. హరినారాయణ తరువాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా కూడా పనిచేశారు. తేజస్ మార్క్-1ఎ మధ్యభాగాన్ని 2025లో ప్రైవేటు రంగంలో మొదటిసారి చేసి ఇచ్చింది కూడా హైదరాబాద్ కంపెనీయే. మనకి ఇంత దగ్గరి విమానాన్ని మనం గీతల గడిగా మార్చడం నాకు బాధగా ఉంటుంది.

తెలుగు మోడలర్ ఏ విమానం ఎంచుకోవాలి? మిగ్-21 అందరి మొదటి ప్రేమ. 1963లో వచ్చి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకునేదాకా అరవై రెండేళ్లు మన ఆకాశంలో ఉంది. కిట్లకు కొదవలేదు. చెక్ దేశపు ఎడ్యుఆర్డ్ సంస్థ 1/48లో తెచ్చినవి ఆకారంలో గట్టివి. కాక్‌పిట్‌కి సోవియట్ నీలి-ఆకుపచ్చ రంగు సరిగ్గా కుదిరితే సగం పని అయిపోయినట్టే. కానీ మన ఎఫ్ఎల్, ఎం, బిస్, బైసన్ రకాలు వేర్వేరు. బైసన్‌కి ముందరి అద్దం ఒకే ముక్క, నడుమ చట్రాలు ఉండవు. ఆ ఒక్క ముక్క మార్చకుండా బైసన్ రంగులు వేసినవి నేను చాలా చూశాను. మారుత్ కథ వేరు. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ డిజైన్ చేస్తే హెచ్ఏఎల్ తయారుచేసి, 1961 జూన్ 17న తొలిసారి ఎగరేసింది. మొత్తం 147 వచ్చాయి. మనం తయారుచేసుకున్న అంత ముఖ్యమైన విమానానికి కిట్ దొరకడం మాత్రం కష్టం. బెంగళూరు మ్యూజియాల్లో నిలబెట్టినదాన్ని చూసి కొలుచుకోవాలి.

మన తెలుగు నేల మీదే, చేతికి అందేంత దగ్గరలో ఉన్నది సీ హారియర్. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమానం ఉన్న చోటికి దగ్గర్లోనే సీ హారియర్‌కి ఒక మ్యూజియం ఉంది. నిలువుగా లేచి నిలువుగా దిగే ఈ బ్రిటిష్ విమానం ఎఫ్ఆర్ఎస్-51 అనే పేరుతో 1983 చివర్లో గోవాలోని మన నౌకాదళానికి చేరింది. తెల్లపులి గుర్తున్న 300 స్క్వాడ్రన్ దాన్ని విమానవాహక నౌకలు విక్రాంత్ మీంచి, విరాట్ మీంచి ఎగరేసింది. 2016లో విశ్రాంతినిచ్చారు. జెట్ యుద్ధవిమానంలో వివరం అంటే ఏమిటో నేర్చుకోవడానికి ఇంతకు మించిన గురువు లేదు. దీంట్లో ప్రతి వివరానికీ ఒక కారణం ఉంటుంది.

గాలి లోపలికి తీసుకునే పెద్ద నోళ్లు కాక్‌పిట్‌కి రెండు పక్కలా ఉంటాయి. వాటి అంచు చుట్టూ చిన్న తలుపులు వరుసగా ఉంటాయి. విమానం నిలుచున్నచోటే ఇంజన్ పూర్తి బలంతో తిరిగేటప్పుడు ముందు నోరు ఇచ్చే గాలి చాలదు. ఇంజన్ పీల్పుకి ఈ తలుపులు లోపలికి తెరుచుకుని అదనపు గాలి ఇస్తాయి. వేగం అందుకోగానే గాలి ఒత్తిడికి మూసుకుంటాయి. ఇంజన్ ఆపి నిలబెట్టిన విమానంలో వీటిని పట్టి ఉంచేదేమీ ఉండదు. కాబట్టి పైవైపు తలుపులు సొంత బరువుకి లోపలికి వాలిపోతాయి, కిందివైపువి మూసుకునే ఉంటాయి. చాలా పాత కిట్లలో అన్నీ మూసే అచ్చుపోశారు. కొందరు సరిచేస్తున్నామని అన్నీ తెరిచేస్తారు. నేలమీద నిలబడ్డ హారియర్‌కి రెండూ అబద్ధమే. పైవి వాలి, కిందివి మూసి ఉండే ఆ అసమానమే ఇంజన్ ఆగి ఉందని చెబుతుంది. ఇంకే ముక్కా చెప్పలేని మాటను ఈ తలుపులు చెబుతాయి.

ఒంటికి ఇరువైపులా రెండేసి గొట్టపు మూతులు ఉంటాయి. ముందరి జత ఫ్యాన్ పంపే చల్లగాలికి, వెనకటి జత మంటగాలికి. అందుకే ముందరివాటికి మసి ఉండదు. వెనకటివాటి లోపలిభాగం కాలిన ఇనుము రంగులో ఉంటుంది. వాటి వెనక ఒంటి మీద వేడి తట్టుకునే లోహపు రేకు ఉంటుంది, అక్కడే మరక. నాలుగింటినీ ఒకే లోహపు రంగుతో పూసేసిన హారియర్‌ని చూస్తే ఇంజన్ ఎలా పనిచేస్తుందో చేసినవాడు ఆలోచించలేదని తెలిసిపోతుంది. ముక్కు దగ్గర, తోక కొసన, రెక్కల కొసల్లో చిన్న రంధ్రాలుంటాయి. గాలిలో నిలబడ్డప్పుడు రెక్కకి పట్టు ఉండదు కనుక అవే విమానాన్ని అటూ ఇటూ ఒరగకుండా నిలబెడతాయి. 1/48లో అవి ఆవగింజంత. డ్రిల్ బిట్‌తో తొలిస్తే విమానానికి ప్రాణం వస్తుంది.

కాక్‌పిట్ మీది గాజుమూతలో వంకరటింకరగా ఒక సన్నటి తాడు ఉంటుంది. పైలట్ బయటికి దూకాల్సి వచ్చినప్పుడు అది పేలి గాజును ముక్కలు చేస్తుంది. కిట్‌లో అది ఒక్కోసారి డెకాల్‌గా, అంటే తడిపి అంటించే పలుచటి బొమ్మగా వస్తుంది, ఒక్కోసారి రానేరాదు. దాన్ని పలుచటి తెల్లరంగుతో చేత్తో గీయడం నా దృష్టిలో ఈ విమానంలో అన్నిటికంటే కష్టమైన పని. గాజుముక్కలు అతికించడానికి సూపర్‌గ్లూ వాడితే దాని ఆవిరికి గాజు మసకబారుతుంది. ఫెవికాలే క్షేమం.

ఇక చక్రాలు. నడుమ ముందొకటి, వెనక జంట, రెక్కల కొసల్లో సన్నటి ఊతకాళ్లు. రెక్కలు కిందికి వాలి ఉంటాయి కాబట్టి ఏ రెక్క ఒక్క డిగ్రీ తప్పినా ఒక ఊతకాలు గాల్లో వేలాడుతుంది. ఆదిభట్ల కార్ఖానాల్లో భాగాలు కూర్చేటప్పుడు వాటిని కదలకుండా పట్టి ఉంచే చట్రాన్ని జిగ్ అంటారు. మన బల్ల మీదా అదే కావాలి. అట్టముక్కలతో, నాలుగు అగ్గిపెట్టెలతో చేసుకున్న జిగ్‌లో రాత్రంతా ఆరనిచ్చిన రెక్క మరునాడు ఏ వంకా పెట్టదు. వివరాలన్నీ దీని తరువాతే. నిలువు తప్పిన విమానానికి లోపల ఎంత అలంకరణ చేసినా లాభం లేదు.

మన ఎఫ్ఆర్ఎస్-51కి, బ్రిటిష్ వాళ్ల ఎఫ్ఆర్ఎస్-1కి బయటికి తేడా కొద్దే. కాబట్టి ఎఫ్ఆర్ఎస్-1 కిట్ తీసుకుని మనది చేసుకోవచ్చు. ముఖ్యమైన తేడా క్షిపణి. వాళ్లది సైడ్‌వైండర్, మనది ఫ్రెంచ్ మాత్రా మ్యాజిక్. 2.72 మీటర్ల పొడవు, 157 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ క్షిపణి 1/48లో 57 మిల్లీమీటర్ల పొడవు, 3.3 మిల్లీమీటర్ల మందం. అదే పొడవూ మందం ఉన్న ప్లాస్టిక్ కడ్డీ, పలుచటి షీట్‌తో కత్తిరించిన రెక్కలు ఉంటే ఒక సాయంత్రం పని. త్రీడీ ప్రింట్ వేయించుకోదలిస్తే 2023లో రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్ లాంటి చోట్లు ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. తరువాతి కాలంలో మన సీ హారియర్లకు ఇజ్రాయెల్ రాడార్, డెర్బీ క్షిపణి అమర్చారు. రంగులూ మారాయి. మొదటి రోజుల్లో పైన ముదురు బూడిద, అడుగున తెలుపు. తరువాత అడుగు కూడా బూడిద. తెల్లటి అడుగున్న విమానానికి డెర్బీ తగిలిస్తే ఆ రెండూ కలిసిన రోజు చరిత్రలో లేదు. నేను రోజు తేల్చుకోమనేది ఇందుకే.

వివరాల కోసం అమ్మే సరుకు మూడు రకాలు. ఆమ్లంతో కొరికించిన పలుచటి ఇత్తడి రేకు, అచ్చుపోసిన రెజిన్, ఇప్పుడు కొత్తగా త్రీడీ ప్రింట్ ముక్కలు. ఇత్తడి రేకు సీటు బెల్టులకీ, తెరల గడులకీ బావుంటుంది. గుండ్రటి మీటలకి బావుండదు, రేకు రేకుగానే కనిపిస్తుంది. పైలట్ సీటుకి రెజిన్‌నో ప్రింట్‌నో మించింది లేదు. రేకు వంచేముందు మంట మీద క్షణం చూపితే మెత్తబడుతుంది. జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పనివాళ్ల చేతికి ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. అలాగే, ముక్కల మధ్య సందులు పూడ్చే పుట్టీ కోసం మోడలర్లు కొత్త కొత్త సీసాలు కొంటుంటారు. కొండపల్లి బొమ్మల వాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కుతో చేతులకీ తలకీ అతుకులు దాచేస్తారు. కొయ్యకి కొయ్యపొడితోనే పూడ్చాలన్న సూత్రం అది. ప్లాస్టిక్‌కీ అంతే. కిట్ ఫ్రేములో మిగిలిన స్ప్రూ ముక్కల్ని ప్లాస్టిక్ సిమెంట్‌లో కరిగిస్తే వచ్చే ముద్దే నా చేతిలో అన్నిటికంటే నమ్మకమైన లప్పం. ఆరాక అది ఒంటిలో ఒంటిగా కలిసిపోతుంది, తిరిగి గీసినా పెచ్చు లేవదు. వాటర్ పేపరు, చిన్న డ్రిల్ బిట్లు, కంప్రెసర్ గొట్టాలు రాణిగంజ్‌లో దొరుకుతాయి. వాటికోసం విదేశీ పెట్టెలు తెప్పించుకోనక్కర్లేదు.

రంగు దగ్గర మన వాతావరణం మాట చెప్పుకోవాలి. పుస్తకాల్లో రాసే సూచనలు చల్లటి దేశాలవి. మన ఏప్రిల్, మే ఎండల్లో అక్రిలిక్ రంగు ఎయిర్‌బ్రష్ మూతిలోనే ఎండిపోతుంది. ఆలస్యంగా ఆరేలా చేసే ద్రవం రెండు చుక్కలు కలిపి, పొద్దున్నే పని ముగించడం మేలు. ఆగస్టు తేమలో లాకర్ కొడితే పైపూత పాలు చిందినట్టు తెల్లబడుతుంది. ఒక వానాకాలం అలా ఒక మిగ్ మొత్తాన్ని చెడగొట్టుకుని, థిన్నర్‌తో తుడిచి మళ్లీ మొదలుపెట్టాను. అప్పట్నుంచి వాన తెరిపిచ్చిన పగటిపూటే లాకర్ జోలికి పోతాను. డెకాల్ అంటించేముందు మెరిసే క్లియర్ కోటు తప్పదు. గరుకు ఉపరితలం మీద డెకాల్ కింద గాలి చిక్కుకుని వెండిపొరలా మెరుస్తుంది, ఎంత మంచి పనినైనా అది పాడుచేస్తుంది. ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. లాకర్ థిన్నర్ ఆవిరి, రెజిన్ అరగదీసిన పొడి ఊపిరితిత్తులకి హాని. మూసిన పడకగదిలో, పిల్లలు నిద్రపోయేచోట, ఈ పని చెయ్యకండి. బాల్కనీ, బయటికి గాలి లాగే ఫ్యాను, ఆవిరికీ పొడికీ పనికొచ్చే మాస్కు, ఈ మూడూ లేకపోతే నీళ్లతో కలిపే రంగులకే పరిమితం కండి.

పాతబడినట్టు చూపడంలో ఈమధ్య అతి ఎక్కువైంది. తుప్పు, నూనె కారిన చారలు, రంగు లేచిన చోట్లు, అన్నీ ఒకే విమానం మీద. నౌకాదళ విమానం మాత్రం నిజంగానే వేరుగా మాసుతుంది. ఉప్పుగాలికి ఎప్పటికప్పుడు రంగు దిద్దుతుంటారు కాబట్టి ఒకే బూడిదలో నాలుగు ఛాయల మాసికలు కనిపిస్తాయి. పొద్దంతా ఎండలో నిలబడిన మన మిగ్‌లది ఎండకి వెలిసిన తీరు. ఈ రెంటినీ ఒకే కుంచెతో చెయ్యలేం. మాసిక ఎక్కడుందో ఫోటోలో చూసి పెట్టాలి, చెయ్యి తిరిగిందని ఊహతో పెట్టకూడదు.

ఫోటో అనగానే మ్యూజియం మాట. మ్యూజియంలో నిలిచిన విమానాన్ని ఆకారానికి నమ్మవచ్చు, రంగుకి నమ్మకూడదు. ప్రదర్శన కోసం కొత్తగా రంగు వేస్తారు, చిన్న అక్షరాల స్టెన్సిళ్లు మాయమవుతాయి, గాలినోళ్లకి మూతలు పెడతారు. రంగుకోసం, గుర్తుల కోసం కొలువులో ఉన్ననాటి ఫోటోలే ఆధారం. మూడు రంగుల గుండ్రటి గుర్తులో బయట కాషాయం, నడుమ ఆకుపచ్చ. ఇంత తెలిసిన గుర్తు వ్యాసం కూడా ఒక్కో విమానానికి ఒక్కోలా ఉంటుంది.

మన దగ్గర లేనిదేమిటంటే కొలతలతో తీసిన ఫోటోలు. బ్రిటిష్ వాళ్ల సీ హారియర్ మీద వాళ్లకి పుస్తకాలకు పుస్తకాలున్నాయి. మన నౌకాదళం ఎగరేసిన విమానం చక్రాల గది, మన క్షిపణి పట్టీ, తోక మీది తెల్లపులి సరైన వంపు, ఇవి ఒకచోట లేవు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్లు ఏరోమోడలింగ్ నేర్చుకుంటారు, స్టాటిక్ మోడల్ పోటీల్లో పాల్గొంటారు. వాళ్లలో ఒక జట్టు అనుమతి తీసుకుని విశాఖలో రెండు రోజులు కూర్చుంటే ఆ పని అవుతుంది. ప్రతి ఫోటోలో ఒక స్కేలు పట్టుకోవాలి. గాలినోటి అంచు నుంచి మొదటి తలుపు దాకా ఎంత, ఊతకాలి చక్రం వ్యాసం ఎంత, వెనకటి గొట్టం మూతి నుంచి వేడి రేకు అంచు దాకా ఎంత అని రాసుకోవాలి. నేను ఈసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఐదు మీటర్ల టేపు, రాసుకునే పుస్తకం, చిన్న అద్దం పెట్టుకుని వెళ్తున్నాను. అద్దం రెక్క కింద, చక్రాల గది లోపలి కప్పు చూడటానికి.